ఎస్‌డీ కార్డు మీద లినక్స్: ఏడాదిలో మూడు కార్డులు పోయాయి, అరుగుదల తగ్గించే దారి చెప్పండి

యార్డు_అబ్బాయి, గుంటూరు

అందరికీ నమస్కారం. మిర్చి కోల్డ్ స్టోరేజీలో కంప్యూటర్లు, కెమెరాలు చూసుకునే పని నాది. మాకు 8 గదులు, గదికో టెంపరేచర్ సెన్సర్, అన్నిటినీ ఎస్‌డీ కార్డు మీద లినక్స్‌తో నడిచే ఒకే చిన్న కంప్యూటర్‌కి, అంటే రాస్‌ప్‌బెర్రీ పై 3బీకి కలిపాను. 10 సెకన్లకోసారి రీడింగులు తీసుకుని ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో వేస్తుంది, ఏ గదైనా వేడెక్కితే నా ఫోనుకి మెసేజ్ వస్తుంది. అంతకుముందు వాచ్‌మన్ రాత్రంతా గంటకోసారి లేచి మీటరు చూసి పుస్తకంలో రాసేవాడు, ఆయన కునుకు తీసిన రాత్రి ఏం జరిగిందో తెల్లారేదాకా ఎవరికీ తెలిసేది కాదు.

పోయిన సంక్రాంతి నుంచి ఇప్పటికి మూడు 16 జీబీ కార్డులు పోయాయి. మొదటిది ఒకరోజు బూట్ అవడం మానేసింది. రెండోది నడుస్తూ నడుస్తూ రీడ్-ఓన్లీలోకి వెళ్లిపోయింది. మూడోది ఇంకా విచిత్రం. మొన్న గురువారం డిస్క్ నిండిందని పాత లాగ్ ఫైళ్లు డిలీట్ చేశాను, పోయినట్టే చూపించింది, రీబూట్ చేస్తే అవన్నీ మళ్లీ వచ్చి కూర్చున్నాయి. అంతకు ముందురోజు నుంచి ఎక్కిన రీడింగులు మాత్రం ఒక్కటీ లేవు. లోపల ఉన్నది రైతుల సరుకు, కాయ రంగు పోతే రేటు పోతుంది, అందుకే నాకు నిద్ర పట్టడం లేదు. కార్డు మీద రాతలు తగ్గుతాయని నోఎటైమ్ సెట్టింగ్ పెట్టమని, టీఎంపీఎఫ్ఎస్, అంటే తాత్కాలిక ఫైళ్లు రామ్‌లోనే ఉంచే పద్ధతి పెట్టమని చదివి అవన్నీ పెట్టాను. అయినా పోతున్నాయి. మీరంతా ఏం చేస్తున్నారో చెప్పండి.

పటమట_నెట్, విజయవాడ

అన్నా, కార్డు ఖరీదెంత? ఆరు నెలలకోసారి కొత్తది వేసెయ్యి, పని అయిపోతుంది. అలా వద్దనుకుంటే ఎస్‌ఎస్‌డీకి మారిపో. మా ఇంట్లో సర్వర్‌కి 2020 నుంచి ఒకటే ఎస్‌ఎస్‌డీ, ఒక్క సెట్టింగూ ముట్టుకోలేదు, స్మార్ట్ రిపోర్టులో ఆయుష్షు ఇంకా 90 శాతం పైనే చూపిస్తోంది. ఫ్లాష్ మెమరీ అరిగిపోతుందనే టెన్షన్ పాత రోజులది.

కృష్ణలంక_సిస్టమ్స్, విజయవాడ

పటమట తమ్ముడూ, ఎస్‌ఎస్‌డీ గురించి నువ్వు చెప్పింది నిజమే, కానీ దాన్ని ఎస్‌డీ కార్డుకి వర్తింపజేయకు. లోపల చిప్పులు దాదాపు ఒకే జాతివి, తేడా అంతా కంట్రోలర్‌లో, అంటే ఏ రాత ఎక్కడ వేయాలో చూసుకునే భాగంలో ఉంది. ఎస్‌ఎస్‌డీ కంట్రోలర్ రాతల్ని చిప్ అంతటా సమానంగా సర్దుతుంది, పక్కన అదనపు బ్లాకులు దాచుకుంటుంది, ఏది ఎంత అరిగిందో లెక్క రాసుకుంటుంది. చవక కార్డులో, పెన్‌డ్రైవ్‌లో ఉండే కంట్రోలర్ ఫొటోలు, పాటల్లాంటి పెద్ద ఫైళ్లు వరసగా ఎక్కించుకోవడానికి చేసింది, రోజంతా చిటికెడు చిటికెడు రాతలు పడితే దానికి చేతకాదు.

యార్డు అబ్బాయికి అర్థమయ్యేలా చెప్తాను. ఫ్లాష్‌లో రాయడం పేజీల లెక్కన జరుగుతుంది, ఒక పేజీ కొన్ని కిలోబైట్లు. చెరపడం మాత్రం బ్లాకు లెక్కన, ఇప్పటి చిప్పుల్లో ఒక బ్లాకు కొన్ని మెగాబైట్లు ఉంటుంది. ఒకసారి రాసిన పేజీ మీద బ్లాకు మొత్తం చెరపకుండా తిరిగి రాయలేం. బస్తాలో ఒక్క తాలుకాయ మార్చడానికి కుట్లు విప్పి, 40 కిలోలూ పట్టా మీద పోసి, మంచికాయ వేసి, మళ్లీ తొక్కి కుట్టినట్టు. రోజుకి వేలసార్లు అదే చేస్తే గోనె చిరగదూ? అలా చెరిపిన ప్రతిసారీ సెల్ చుట్టూ ఉన్న సన్నటి ఇన్సులేషన్ పొర కొంచెం కొంచెం దెబ్బతింటుంది. ఎస్ఎల్‌సీ రకం సుమారు లక్ష చెరుపుళ్లు తట్టుకుంటుంది, ఎంఎల్‌సీ 3,000 నుంచి 10,000, ఇప్పుడు బజారులో దొరికే టీఎల్‌సీ 1,000 నుంచి 3,000, క్యూఎల్‌సీ ఇంకా తక్కువ.

నీ మూడో కార్డు చేసింది విచిత్రం కాదు. చాలా కార్డులు చివరి దశలో అలాగే చేస్తాయి. కొత్త రాతలు తీసుకున్నట్టే నటించి లోపల పడేయడం మానేస్తాయి. కాసేపు మెమరీలో ఉన్న కాపీ కనిపిస్తుంది, రీబూట్ అయితే పాతది బయటికొస్తుంది. రెండోదీ దాదాపు ఇదే కథ అయ్యుంటుంది.

కాబట్టి ఇంకో సెట్టింగ్ వెతికే ముందు నీ కార్డు మీద ఎవరు రాస్తున్నారో, గంటకి ఎంత రాస్తున్నారో చూడు. అది తెలియకుండా ఏం చేసినా చీకట్లో రాయి వేయడమే.

యార్డు_అబ్బాయి

కృష్ణలంక గారూ, బస్తా ఉదాహరణతో మొత్తం అర్థమైంది, చాలా థాంక్స్ అండి. ఎంత రాస్తోందో చూడటం ఎలాగో కూడా చెప్పండి.

కృష్ణలంక_సిస్టమ్స్

చాలా తేలిక. సిస్ ఫోల్డరులో బ్లాక్, దాని లోపల నీ కార్డు పేరు, అంటే ఎంఎంసీబీఎల్‌కే0, అందులో స్టాట్ అనే ఫైలు ఉంటుంది, క్యాట్ కొట్టి తెరువు. వరసగా అంకెలొస్తాయి. అందులో 7వది బూట్ అయినప్పటి నుంచి కార్డు మీద రాసిన సెక్టార్ల లెక్క. ఒక్కో సెక్టారు 512 బైట్లు. ఇప్పుడొకసారి రాసి పెట్టుకో, సరిగ్గా గంట తర్వాత మళ్లీ చూడు, తేడాని 512తో గుణించు. ఆ గంటలో నువ్వు ఏమీ కెలకొద్దు, రోజూ ఎలా నడుస్తుందో అలాగే నడవనీ.

ఎవరు రాస్తున్నారో తెలియాలంటే ఐఓటాప్ అనే ప్రోగ్రాము వేసుకుని ఏ, ఓ ఆప్షన్లు రెండూ కలిపి పెట్టు. మొదటిది మొత్తం కూడుతూ పోతుంది, రెండోది నిజంగా రాసే వాళ్లనే చూపిస్తుంది. పైన జేబీడీ2 అని కనపడితే కంగారు పడకు, అది ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ జర్నల్, అంటే చేయబోయే మార్పుల్ని ముందే రాసుకునే చిట్టా, ఎవరో రాయమంటేనే అది రాస్తుంది. దాని కింద ఎవరున్నారో చూడు.

తాడేపల్లి_పిల్ల, తాడేపల్లి

మధ్యలో వస్తున్నాను, ఏమనుకోకండి. నా ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్ పోయింది, కొత్తది కొనే దాకా 32 జీబీ పెన్‌డ్రైవ్ మీద లినక్స్ మింట్ వేసుకుని ప్రాజెక్టు చేసుకుంటున్నాను. ఫైర్‌ఫాక్స్ తెరిస్తే చాలు పెన్‌డ్రైవ్ పట్టుకోలేనంత వేడెక్కుతుంది, మధ్యమధ్యలో స్క్రీన్ మొత్తం ఆగిపోతుంది. పై అన్నయ్యలాగా నాదీ పోతుందేమోనని భయంగా ఉంది. రామ్ 8 జీబీ ఉంది.

బ్రాడీపేట_4వ_లైను, గుంటూరు

చెల్లెమ్మా, 8 జీబీ రామ్ ఉంటే నీది తేలికగా కుదురుతుంది. ఫైర్‌ఫాక్స్ రెండు పనులు చేస్తుంది. చూసిన ప్రతి పేజీ బొమ్మల్నీ డిస్క్ క్యాష్‌లో వేసుకుంటుంది, అది చాలదన్నట్టు తెరిచి ఉన్న ట్యాబుల జాబితాని 15 సెకన్లకోసారి ఫైల్లో రాస్తుంది, ట్యాబులు ఎక్కువైతే ఆ ఫైలు మెగాబైట్లలో ఉంటుంది. అబౌట్ కాన్ఫిగ్‌లోకి వెళ్లి డిస్క్ క్యాష్ ఎనేబుల్ అన్నదాన్ని ఫాల్స్ చెయ్యి, క్యాష్ అంతా రామ్‌లోనే ఉంటుంది. సెషన్‌స్టోర్ ఇంటర్వల్ అని ఉంటుంది, 15000 ఉంటుంది, దాన్ని 600000 చేస్తే 10 నిమిషాలకోసారి రాస్తుంది. మధ్యలో కరెంటు పోతే చివరి 10 నిమిషాల్లో తెరిచిన ట్యాబులు గుర్తుండవు, అంతకు మించి నష్టం లేదు.

స్వాప్, అంటే రామ్ చాలనప్పుడు డిస్క్ మీద వాడుకునే చోటు ఉంటే అది కూడా పెన్‌డ్రైవ్ మీద నుంచి తీసేసి జెడ్‌ర్యామ్ పెట్టుకో. అంటే రామ్‌లోనే కొంత భాగాన్ని కుదించి స్వాప్‌లాగా వాడటం. ఫెడోరా 2020లో 33వ విడుదల నుంచి డిఫాల్ట్‌గా అదే ఇస్తోంది, పదునైన పద్ధతే.

మాస్టారు_ల్యాబ్, విజయవాడ

నేను పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్తాను. మా ల్యాబులో పాత మెషిన్లు 18, హార్డ్ డిస్కులు ఎప్పుడో పోయాయి, కొత్తవి శాంక్షన్ కాలేదు. అందరం తలా కొంచెం వేసుకుని పెన్‌డ్రైవులు కొన్నాం. మొదటి ఏడాది ఉబుంటుని హార్డ్ డిస్క్ మీద వేసినట్టే పెన్‌డ్రైవ్ మీద ఇన్‌స్టాల్ చేశాను, అది నా తప్పు, వేసవి సెలవులు వచ్చేసరికి 7 పోయాయి. పిల్లలు సగం ప్రాక్టికల్‌లో ఉండగా ఆగిపోయేవి.

తర్వాత పద్ధతే మార్చాను. పప్పీ లినక్స్ వేశాను. అది బూట్ అయ్యేటప్పుడు కుదించిన సిస్టమ్ ఫైలుని పూర్తిగా రామ్‌లోకి లాక్కుంటుంది, ఆ తర్వాత పెన్‌డ్రైవ్‌తో పనే ఉండదు. పిల్లలు చేసిన పని సేవ్ ఫైల్లోకి ఎప్పుడు రాయాలో మనమే చెప్పొచ్చు. డిఫాల్ట్‌గా 30 నిమిషాలకోసారి రాస్తుంది, నేను దాన్ని సున్నా చేశాను, అంటే షట్‌డౌన్ అప్పుడు అడుగుతుంది, లేదా డెస్క్‌టాప్ మీద సేవ్ బొమ్మ నొక్కాలి. పిరియడ్ అయిపోయే ముందు 5 నిమిషాలకి సేవ్ నొక్కండర్రా అని చెప్పడం నాకు అలవాటైపోయింది. నాలుగో ఏడు నడుస్తోంది, ఒక్క పెన్‌డ్రైవూ అరిగి పోలేదు. రెండు పోయాయి గానీ అవి పిల్లలు మోచేత్తో కొట్టి విరగ్గొట్టినవి.

యార్డు అబ్బాయీ, నీ రాస్‌ప్‌బెర్రీకి కూడా ఇలాంటిదే కావాలంటే ఆల్పైన్ లినక్స్‌లో డిస్క్‌లెస్ అనే పద్ధతి ఉంది. మొత్తం రామ్‌లో నడుస్తుంది, ఎల్‌బీయూ కమిట్ అని కొట్టినప్పుడే కార్డు మీదకి రాస్తుంది. లేకపోతే నువ్వు వాడుతున్న రాస్‌ప్‌బెర్రీ పై ఓఎస్‌లోనే రాస్‌పీ కాన్ఫిగ్ తెరిచి పెర్ఫార్మెన్స్‌లోకి వెళ్తే ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ అని ఉంటుంది. అది ఆన్ చేస్తే కార్డు రీడ్-ఓన్లీ, మార్పులన్నీ రామ్‌లోకి. కాకపోతే రీడింగులు మిగలాలి కాబట్టి వాటికి వేరే చోటు చూసుకోవాలి.

బ్రాడీపేట_4వ_లైను

ఈఎక్స్‌టీ4 జర్నల్ తీసేస్తే రాతలు బాగా తగ్గుతాయి కదా మాస్టారూ, ట్యూన్2ఎఫ్ఎస్‌తో ఒక్క కమాండ్ పని. లేదా ఎఫ్‌2ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌కి మారొచ్చు, శాంసంగ్ వాళ్లు ఫ్లాష్ కోసమే రాసింది, 2013లో వచ్చిన 3.8 కెర్నల్ నుంచీ లినక్స్‌లోనే ఉంది.

కృష్ణలంక_సిస్టమ్స్

ఎఫ్‌2ఎఫ్ఎస్ మంచిదే, అది రాతల్ని వరసగా పేర్చుకుంటూ పోతుంది కాబట్టి చవక కంట్రోలర్లకి సులువు. కానీ జర్నల్ తీసెయ్యమనడానికి నేను ఒప్పుకోను. గుంటూరులో, బెజవాడలో కరెంటు సంగతి మనకి తెలియంది కాదు. జర్నల్ లేని ఈఎక్స్‌టీ4 మీద రాస్తుండగా కరెంటు పోతే ఫైల్ సిస్టమ్ మొత్తం చిందరవందర అవుతుంది, దాన్ని సరిచేసే ఎఫ్ఎస్‌సీకే ప్రోగ్రాము తీరిగ్గా నడుస్తూ కూర్చుంటుంది, అప్పటికీ అన్నీ దొరుకుతాయన్న నమ్మకం లేదు. నా దగ్గరికి కార్డు పోయిందని తెచ్చేవాటిలో చాలా వాటికి అరుగుదల లేనే లేదు, కరెంటు దెబ్బకి ఫైల్ సిస్టమ్ పాడైనవి, ఫార్మాట్ చేస్తే లేచి కూర్చుంటాయి. నీ మొదటి కార్డు, అదే బూట్ అవడం మానేసింది, పారేశావా దాచావా?

యార్డు_అబ్బాయి

మూడూ టేబుల్ సొరుగులోనే ఉన్నాయి అండి.

నిన్న రాత్రి 9 నుంచి 10 దాకా లెక్క చూశాను. 7వ అంకె 3,05,000 దాకా పెరిగింది. 512తో గుణిస్తే గంటకి 156 ఎంబీ! రోజుకి దగ్గర దగ్గర 3.75 జీబీ. నాకు నమ్మబుద్ధి కాలేదు, ఇవాళ పొద్దున మళ్లీ చూశాను, అంతే వచ్చింది. నా రీడింగ్ ఒక్కోటి 30 బైట్లు ఉంటుంది. 8 గదులు, 10 సెకన్లకోసారి, అంటే రోజుకి 69,120 రీడింగులు, అన్నీ కలిపినా 2 ఎంబీ పైచిలుకు. 2 ఎంబీ డేటాకి 3.75 జీబీ రాత ఎలా అయింది? ఐఓటాప్‌లో పైన జేబీడీ2, దాని కింద నా పైథాన్ స్క్రిప్టే. సిస్టమ్ లాగులు చాలా కింద ఉన్నాయి. ఇన్నాళ్లూ నేను లాగుల వెంట పడ్డాను.

బ్రాడీపేట_4వ_లైను

అన్నా, స్క్రిప్టులో ఒక్కో రీడింగ్ ఇన్సర్ట్ చేసి వెంటనే కమిట్, అంటే ఖాయంగా రాసెయ్యమని కొడుతున్నావు కదూ? అక్కడే ఉంది అంతా.

ఎస్‌క్యూలైట్ మామూలు పద్ధతిలో ఒక్క కమిట్‌కి ఏం చేస్తుందో చూడు. ముందు పక్కన ఒక జర్నల్ ఫైలు పుట్టిస్తుంది. మారబోయే పేజీ పాత కాపీని అందులో రాస్తుంది. అది నిజంగా కార్డులో పడిందా లేదా అని ఎఫ్‌సింక్ కొట్టి నిర్ధారించుకుంటుంది. తర్వాత అసలు డేటాబేస్‌లో పేజీ మొత్తం రాస్తుంది, 30 బైట్లకి 4 కిలోబైట్ల పేజీ. మళ్లీ ఎఫ్‌సింక్. తర్వాత జర్నల్ ఫైలుని డిలీట్ చేస్తుంది. ఫైలు పుట్టిందని, పెరిగిందని, పోయిందని ఫైల్ సిస్టమ్ తన జర్నల్‌లో విడిగా రాసుకుంటుంది. ఇదంతా కలిపి నీ లెక్క ప్రకారం ఒక్క రీడింగ్‌కి 50 కిలోబైట్లు దాటింది, అలా రోజుకి 69,120 సార్లు. కంట్రోలర్ లోపల బ్లాకులు చెరిపి రాసేది ఇంకా పైన, అది ఈ లెక్కలో కనపడదు.

నువ్వు పెట్టిన సెట్టింగులు ఎందుకు పనిచేయలేదో కూడా ఇందులోనే ఉంది. నోఎటైమ్ అంటే ఫైలు చదివినప్పుడు ఆ టైమ్ రాయొద్దని, కానీ 2009లో 2.6.30 కెర్నల్ నుంచి రెల్ఎటైమ్, అంటే ఆ టైమ్‌ని అరుదుగా రాసే పద్ధతి డిఫాల్ట్ అయ్యాక ఆ రాతలు ఎలాగూ తగ్గిపోయాయి, పైగా రాస్‌ప్‌బెర్రీ పై ఓఎస్‌లో నోఎటైమ్ ముందే పెట్టి ఇస్తారు. ఫైల్ సిస్టమ్ కమిట్ టైమ్ 5 సెకన్ల నుంచి 600కి పెంచమంటారు, ఎఫ్‌సింక్ కొట్టే ప్రోగ్రాము ఉంటే దాని రాతలకి ఆ ఆలస్యం వర్తించదు, ఎఫ్‌సింక్ అంటేనే ఇప్పుడే రాయి అని.

ఇలా చెయ్యి. 8 గదుల రీడింగుల్నీ రామ్‌లో ఒక లిస్టులో దాచుకో, 5 నిమిషాలకోసారి అన్నీ ఒకే కమిట్‌లో వెయ్యి. రోజుకి 288 కమిట్లు. డేటాబేస్‌ని వాల్ మోడ్‌కి, అంటే మార్పుల్ని ముందు పక్క ఫైల్లో వరసగా రాసే పద్ధతికి మార్చి సింక్రొనస్‌ని నార్మల్ చెయ్యి, అప్పుడు ప్రతి కమిట్‌కీ ఎఫ్‌సింక్ కొట్టదు, కరెంటు పోయినా డేటాబేస్ పాడవదు, చివరి కొన్ని కమిట్లు పోతే పోవచ్చు. అలారం మాత్రం 10 సెకన్లకోసారి రామ్‌లోని రీడింగ్ చూసే పంపాలి, దాన్ని డేటాబేస్‌తో ముడిపెట్టకు.

పటమట_నెట్

ఈ లెక్క చూశాక నా మాట వెనక్కి తీసుకుంటున్నా అన్నా. రోజుకి 3.75 జీబీ అంటే మంచి ఎస్‌ఎస్‌డీకి ఏం కాదు గానీ ఆ కార్డుకి చాలా ఎక్కువ. మా ఇంట్లో స్మార్ట్ పరికరాలు నడిపే హోమ్ అసిస్టెంట్ ప్రోగ్రాము కూడా ఇలాగే సెన్సర్లన్నీ ఎస్‌క్యూలైట్‌లో వేస్తుంది, పాత కార్డు దాని వల్లే పోయి ఉంటుంది, రికార్డర్ సెట్టింగుల్లో అక్కర్లేని సెన్సర్లు ఇవాళే తీసేస్తాను.

మాస్టారు_ల్యాబ్

ఇంకొక్క మాట నాయనా. మీకు జనరేటర్ ఉంటుంది కదా, కరెంటు పోయి జనరేటర్ ఎక్కే మధ్యలో రాస్‌ప్‌బెర్రీ సంగతేమిటి?

యార్డు_అబ్బాయి

ఆరిపోతుంది మాస్టారూ. పది, పదిహేను సెకన్లు పడుతుంది జనరేటర్ అందుకోడానికి. కరెంటు వచ్చాక మళ్లీ మార్చేటప్పుడు ఇంకోసారి. మే నెలలో రోజుకి ఆరేడు సార్లు అయ్యేది. కంప్రెసర్లు ఆగకూడదని చూశాం గానీ దీని గురించి ఎవరం ఆలోచించలేదు.

కృష్ణలంక_సిస్టమ్స్

అదీ సంగతి. మెషిన్ రాస్తుండగా ఆరిపోతే ఫైల్ సిస్టమ్ ఒక్కటే కాదు, కంట్రోలర్ తన లోపలి పట్టిక మార్చుకుంటూ ఉంటే అది కూడా చెడుతుంది, అప్పుడు కార్డు అరగకపోయినా చచ్చినట్టే. 5 వోల్టుల యూపీఎస్ బోర్డు పెట్టు. పవర్ బ్యాంకు పెడదామనుకుంటే ముందు టెస్ట్ చేసి చూడు, కొన్ని ఛార్జింగ్ నుంచి బ్యాటరీకి మారేటప్పుడు క్షణం పాటు కట్ చేస్తాయి, అవి పనికిరావు. అడాప్టరు 2.5 ఆంప్స్‌ది ఉండాలి.

ఈసారి కార్డు కొనేటప్పుడు డ్యాష్‌క్యామ్‌లకి, సీసీ కెమెరాలకి అమ్మే హై ఎండ్యూరెన్స్ రకం తీసుకో. నీకు 16 జీబీ చాలినా 64 తీసుకో, అరుగుదల అంత ఎక్కువ బ్లాకుల మీద పంచుకుంటుంది. కొనగానే ఎఫ్‌3 అనే ప్రోగ్రాముతో పరీక్షించు, కార్డు నిండా రాసి తిరిగి చదివి చూస్తుంది, పైన రాసిన సైజు లోపల లేకపోతే పట్టేస్తుంది. సొరుగులో ఉన్న మూడింటికీ కూడా ఆ పరీక్ష చెయ్యి. ఎస్‌ఎస్‌డీకి మారాలనుకుంటే కుదురుతుంది, కాకపోతే 3బీలో యూఎస్‌బీ బూట్ కోసం ఒక ఓటీపీ బిట్, అంటే చిప్‌లో ఒక్కసారే రాయగలిగే బిట్ సెట్ చేయాలి, ఒకసారి చేస్తే వెనక్కి తీయలేం.

తాడేపల్లి_పిల్ల

ఫైర్‌ఫాక్స్ రెండూ మార్చాను, జెడ్‌ర్యామ్ కూడా పెట్టాను. పెన్‌డ్రైవ్ ఇప్పుడు గోరువెచ్చగా ఉంటోంది, స్క్రీన్ ఆగడం లేదు. ఖాళీ అయిన చోట్లేవో డ్రైవ్‌కి చెప్పే ఎఫ్ఎస్‌ట్రిమ్ కమాండ్ కొట్టమని ఎవరో చెప్పారు, సపోర్ట్ లేదని వస్తోంది, ఏం చేయాలి?

కృష్ణలంక_సిస్టమ్స్

చాలా పెన్‌డ్రైవులకి ట్రిమ్ రాదమ్మా, వదిలెయ్. ఎస్‌ఎస్‌డీ కొన్నాక వారానికోసారి నడిచే ఎఫ్ఎస్‌ట్రిమ్ టైమర్ ఆన్‌లో ఉందో లేదో చూసుకుంటే సరిపోతుంది. ఈలోపు ప్రాజెక్టు కాపీ ఇంకోచోట ఉంచు, పెన్‌డ్రైవ్ పోయే ముందు చెప్పి పోదు.

యార్డు_అబ్బాయి

మూడు వారాలైంది, చెప్పాల్సినవి ఉన్నాయి. బ్రాడీపేట అన్న చెప్పినట్టు స్క్రిప్ట్ మార్చాను, వాల్ మోడ్ పెట్టాను, సిస్టమ్ లాగులు రాసే జర్నల్‌డీని వోలటైల్ చేశాను, అంటే లాగులు రామ్‌లోనే ఉంటాయి. నిన్న గంట లెక్క చూస్తే 7వ అంకె 11,800 పెరిగింది, అంటే 6 ఎంబీ. 156 ఎక్కడ, 6 ఎక్కడ! యూపీఎస్ బోర్డు పెట్టాక కరెంటు పోయినా మెషిన్ ఒక్కసారి కూడా ఆరలేదు. కొత్త 64 జీబీ కార్డు వేసి, దాని ఇమేజ్ తీసి ఆఫీసు కంప్యూటర్లో ఒకటి, నా ఫోనులో ఒకటి పెట్టాను.

సొరుగులో కార్డుల సంగతి. మొదటిది ఫార్మాట్ చేసి ఎఫ్‌3 నడిపితే ఒక్క తప్పు లేకుండా పాసైంది, కృష్ణలంక గారు అన్నట్టే దానికి అరుగుదల లేదు, జనరేటర్ మార్పుల్లో దెబ్బతిన్నదే. రెండోది రాయనివ్వడం లేదు. మూడోది ఫార్మాట్ చేసినా పాత ఫైళ్లే చూపిస్తోంది, అందులో అక్టోబరు దాకా ఉన్న రీడింగులన్నీ కాపీ చేసుకున్నాను, పోయాయనుకున్న పాత రీడింగులు దొరికాయి. 5వ గదిలో రోజూ తెల్లవారుజామున 3 గంటలప్పుడు డిగ్రీన్నర పెరుగుతోందని వాటిలోనే బయటపడింది. పొద్దున మెకానిక్‌ని పిలిచాం, తలుపు రబ్బరు ఒకవైపు ఊడి ఉంది.